కార్యాలయపు స్మార్టుఫోనులు, ఈమెయిలు సర్వరులు

వడ్రంగికి బాడిస యెట్టిదో, నేడు బ్యాంకులయందును, ఆసుపత్రులయందును, వర్తక సంఘములయందును పనిచేయువారికి స్మార్టుఫోను అట్టిది. ఒప్పందములు, లెక్కలు, సరకుల పట్టీలు, రోగుల పరీక్షాఫలితములు ఈమెయిలు రూపమున దానికి వచ్చి చేరుచుండును. అయితే ఆ యుత్తరముల నందుకొని భద్రపఱచు యంత్రమును గూర్చి గాని, ఆ యంత్రమును కనిపెట్టి యుండు నిర్వాహకుని గూర్చి గాని మనలో పలువు రెఱుగరు. మన విద్యార్థులలో కొందఱు ముందు ముందు ఈ వృత్తి నవలంబింపవచ్చును గాన, దాని స్వరూపమును, అందు దోషములను వెదకు పద్ధతిని సంగ్రహముగా వివరింప దలంచితిమి.

మొదట ఉత్తరము నడచు దారిని తెలిసికొందము. ఒకడు ఫోనునుండి పంపిన ఈమెయిలు తిన్నగా రెండవవాని ఫోనునకు పోదు. అది ముందుగా తన కార్యాలయపు సర్వరును చేరును. సర్వరనగా ఇతర యంత్రములు కోరిన పనిని చేసిపెట్టుటకై రేయింబవళ్లు నడచుచుండు కంప్యూటరు. అది చిరునామాలో ఎట్ గుర్తునకు తరువాతనున్న పేరును చూచి, ఆ పేరిట ఉత్తరములు పుచ్చుకొను యంత్రమేదని డి.ఎన్.ఎస్. అను నామసూచిక నడుగును. ఆ గుర్తును 1971లో అమెరికాయందు రే టాంలిన్సన్ అను ఇంజనీరు ఈమెయిలు చిరునామాలలో ప్రవేశపెట్టెను. పిమ్మట ఒక సర్వరు మఱియొకదానికి ఉత్తరము నప్పగించును. ఇందులకు 1982లో ప్రకటింపబడిన ఎస్.ఎం.టి.పి. అను నియమావళి నేటికిని ఆధారము.

ఉత్తరమును పుచ్చుకొను సర్వరు మూడంకెల సంఖ్యతో బదులు చెప్పును. మొదటి యంకె 2 అయినచో పని సరిగా జరిగినదని యర్థము. 4 అయినచో “ఇప్పుడు వీలు కాదు, మరల రమ్ము” అనియు, 5 అయినచో “దీనిని పుచ్చుకొనను” అనియు నర్థము. 4 వచ్చినప్పుడు పంపిన సర్వరు ఉత్తరమును వరుసలో నిలిపి, కొన్ని దినములవఱకును మరల మరల ప్రయత్నించును. పంపినవాడో, ఉత్తరము చేరెనని నిశ్చింతగా నుండును. ఈ వృత్తియందలి చిక్కంతయు నిచ్చటనే కలదు. ఆగిపోయిన బండి కంటికి కనబడును గాని, ఆగిపోయిన ఈమెయిలు కనబడదు.

కార్యాలయపు ఉత్తరములను చేతి పరికరమునకు తెచ్చుటయందు ప్రసిద్ధికెక్కినది బ్లాక్‌బెర్రీ. కెనడా దేశమున వాటర్లూ నగరమందలి రిసెర్చ్ ఇన్ మోషన్ అను సంఘము దీనిని 1999లో వెలువరించెను. ఉత్తరము వచ్చెనా యని మనుజుడు పోయి యడుగ నక్కఱలేకుండ, వచ్చినది వచ్చినట్లే అది చేతిలోని పరికరమును చేరెడిది. కార్యాలయమువారు తమ ఈమెయిలు సర్వరు ప్రక్కనే బ్లాక్‌బెర్రీ సర్వరును నెలకొల్పుకొనెడివారు. అది ప్రతి యుత్తరమును రహస్యలిపిలోనికి మార్చి, సంఘమువారి కేంద్రముద్వారా ఫోనునకు పంపెడిది. ఆ లిపిని విప్పు తాళము కార్యాలయమునందును, ఫోనునందును మాత్రమే యుండెను. 2010లో భారత ప్రభుత్వము దేశ రక్షణ నిమిత్తము ఉత్తరములను పరిశీలించు వీలు కల్పింపుమని కోరగా, కార్యాలయముల ఉత్తరములకు తాళము తమయొద్ద లేదని ఆ సంఘమువారు బదులు చెప్పిరి. ఆ పాత ఫోనులకు కావలసిన సేవలు 2022 జనవరి 4వ తేదీతో ముగిసినవి. నేడు ఆండ్రాయిడ్, ఆపిల్ ఫోనులే కార్యాలయములయందు వ్యాపించియున్నవి. అయినను నిర్వాహకుని ధర్మము మాఱలేదు.

ఆ ధర్మమేమి? ఫోనునకు పాస్‌వర్డు తప్పనిసరి చేయుట, ఎవరికి ఏ యుత్తరములు అందవలెనో నిర్ణయించుట, ఫోను పోయినప్పుడు దూరమునుండియే అందలి విషయములను తుడిచివేయుట. ఈ కడపటి యధికారము మిక్కిలి జాగరూకతతో వాడవలసినది. ఉద్యోగి తన సొంత ఫోనునందే కార్యాలయపు ఉత్తరములను చదువుచున్నచో, అందు వాని బిడ్డల ఛాయాచిత్రములును ఉండును. అంతయు తుడిచినచో అవియు పోవును. అందుచేతనే ఆండ్రాయిడ్ ఫోనులలో కార్యాలయపు విషయములకు ప్రత్యేకమైన యొక యఱ నేర్పఱచు పద్ధతి వచ్చినది. నిర్వాహకుడు ఆ యఱను మాత్రము తుడిచివేయగలడు.

ఇక దోషములను వెదకు పద్ధతి. “నాకు ఉత్తరములు వచ్చుట లేదు” అని యొకడు వచ్చినప్పుడు, తెలివిగల నిర్వాహకుడు వెంటనే యంత్రముపై చేయి వేయడు, ముందుగా ప్రశ్నలడుగును. ఈ బాధ ఒక్కనికా, అందఱికా? ఒక్కనికైనచో దోషము ఫోనునందో, వాని ఖాతాయందో యుండును. అందఱికైనచో సర్వరునందో, దారియందో యుండును. ఉత్తరములు వచ్చుట లేదా, పోవుట లేదా? అదే ఖాతాను కంప్యూటరునందు తెఱచినచో ఉత్తరములు కనబడుచున్నవా? ఎప్పటినుండి? అంతకుముందేమి మార్చితిరి? ఒక్కొక్క ప్రశ్నతో వెదకవలసిన చోటు సన్నగిల్లును.

ఒక దృష్టాంతము చూతము. ఉద్యోగి కంప్యూటరునందు పాస్‌వర్డును మార్చుకొనెను గాని, ఇంటనున్న పాత ఫోనునందు మార్పలేదు. ఆ ఫోను పాత పాస్‌వర్డుతో మరల మరల తలుపు తట్టుచుండును. సర్వరు దానిని చోరుని ప్రయత్నమని తలచి ఖాతాకు తాళము వేయును. నిర్వాహకుడు తాళము తీసిన కొలదిసేపటికే మరల పడును. కారణము నరయక తాళమును మాత్రమే తీయుచుండువాడు దినమెల్ల తీయుచునే యుండును.

మఱియొకటి. ఆపిల్ ఫోనులను నిర్వహించుటకు ఆ సంఘమునుండి పొందు ధ్రువపత్రమును ఏటేట పునరుద్ధరింపవలెను. గడువు మీఱినచో కార్యాలయపు ఆజ్ఞలు ఫోనులకు చేరవు. పాతదానిని పునరుద్ధరింపక క్రొత్తదానిని తెచ్చుకొన్నచో, ఫోనులన్నిటిని మరల మొదటినుండి చేర్చుకొనవలసి వచ్చును. ఇది యంత్రదోషము కాదు. తేదీని వ్రాసియుంచుకొనకపోవుటచే వచ్చు కష్టము.

అన్నిటికంటె గొప్ప పాఠము 2011 అక్టోబరు 10వ తేదీన బ్లాక్‌బెర్రీ సంఘమునకే కలిగినది. వారి వ్యవస్థయందు ఉత్తరములను దారి మళ్లించు ముఖ్యమైన స్విచ్చియొకటి చెడెను. అట్టి యాపద కొఱకే బదులు పరికరము సిద్ధముగా నుండెను. ముందు పరీక్షించినట్లు అది పనిచేయలేదని సంఘమువారే ప్రకటించిరి. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియాలతోబాటు మన దేశమునందును సేవలు స్తంభించెను. పిమ్మట ఉత్తర అమెరికాకును ఆ బాధ వ్యాపించెను. ఆగిన యుత్తరములు కుప్పలుగా పేరుకొనుటచే, దోషము సరిచేసిన తరువాతను ఆలస్యము తీఱలేదు. అక్టోబరు 13వ తేదీకి గాని సేవలు చక్కబడలేదు. నాడు సంఘ స్థాపకులలో నొకరైన మైక్ లజారిడిస్ బహిరంగముగా క్షమాపణ చెప్పెను.

బదులు పరికరమున్నదని తృప్తిపడుట చాలదు. అసలుదానిని ఆపి, బదులుదానితో పని జరుగునో లేదో మరల మరల చూచుచుండవలెను. ఉత్తరముల ప్రతులను దాచుటయందును ఇదే నియమము. దాచిన ప్రతినుండి ఒక్క యుత్తరమునైనను తిరిగి తీసి చూడనివాడు, దాచితినని చెప్పుకొనజాలడు.

ఈ పనికి సన్మానములు తక్కువ. ఉత్తరములు సరిగా చేరుచున్నంతకాలము నిర్వాహకుని నెవ్వరును తలపరు. అయినను రోగి పరీక్షాఫలితము వైద్యునికి వేళకు చేరుట వాని మెలకువపై నాధారపడియున్నది. విద్యార్థులారా, గణితమునందు మీరు నేర్చుకొను క్రమమే ఈ వృత్తికిని పునాది. తెలిసినదానినుండి తెలియనిదానికి ఒక్కొక్క మెట్టుగా నడువుడు. ఒక మార్పు చేసి ఫలితము చూచినగాని రెండవ మార్పు చేయకుడు. చేసినదానిని తేదీతో వ్రాసియుంచుడు. రేపు మీ స్థానమున కూర్చుండువాడు ఆ వ్రాతను చూచి మిమ్ము తలచుకొనును.