వెనీర్లు ఎన్నేళ్ళు ఉంటాయి? పెట్టించుకునే ముందు, పెట్టించుకున్న తర్వాత

 

ఈ మధ్య నా క్లినిక్‌కి వచ్చే కుర్రాళ్ళు, అమ్మాయిలు చాలామంది కుర్చీలో కూర్చోకముందే ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తున్నారు. "డాక్టర్ గారూ, నాకు ఇలాంటి నవ్వు కావాలి, వెనీర్లు పెట్టేయండి" అంటారు. ఆ వెంటనే రెండు ప్రశ్నలు. ఎంతవుతుంది? లైఫ్ లాంగ్ ఉంటాయా? ఖర్చు సంగతి ఊరిని బట్టి, మెటీరియల్‌ని బట్టి మారుతుంది. రెండో ప్రశ్నకి మాత్రం జవాబు ఎక్కడైనా ఒకటే. ఉండవు.

బాగా చేసిన పోర్సిలైన్ వెనీర్ సాధారణంగా 10 నుంచి 15 ఏళ్ళు వస్తుంది. జాగ్రత్తగా చూసుకున్నవాళ్ళకి 20 ఏళ్ళు దాటినవీ ఉన్నాయి. కాంపోజిట్ వెనీర్, అంటే డాక్టర్ మీ పంటి మీదే రెజిన్‌తో ఒక్క సిట్టింగ్‌లో చెక్కి ఇచ్చేది, 5 నుంచి 7 ఏళ్ళు వస్తుంది. ఈ లెక్క చాలాచోట్ల దొరుకుతుంది. అయితే ఒకరికి 15 ఏళ్ళు, ఇంకొకరికి 2 ఏళ్ళు ఎందుకు వస్తున్నాయన్నది తెలిస్తే మీ డబ్బులూ, మీ పళ్ళూ రెండూ మిగులుతాయి.

వెనీర్ అంటే టెంపర్డ్ గ్లాస్ కాదు

వెనీర్ అంటే పంటి ముందు వైపు అతికించే పలచటి పొర. పోర్సిలైన్ అయితే చాలావరకు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, అటూ ఇటుగా. మీ గోరు మందం అనుకోండి. చాలామంది దీన్ని ఫోన్‌కి వేసే టెంపర్డ్ గ్లాస్‌తో పోలుస్తారు. పోలిక సగమే నిజం. గ్లాస్ పగిలితే పీకేస్తాం, కింద స్క్రీన్ కొత్తదానిలాగే ఉంటుంది. వెనీర్ అలా కాదు. అది ఎత్తుగా కనపడకుండా కూర్చోవాలంటే చాలా కేసుల్లో కింద పంటిని కొంచెం అరగదీయాలి. అరిగేది ఎనామిల్. చర్మం తెగితే మళ్ళీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే మళ్ళీ పెరగదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. మీకు 22 ఏళ్ళు. ఈ రోజు వెనీర్లు పెట్టించుకున్నారు. 15 ఏళ్ళు వచ్చాయనుకుందాం. 37కి ఒకసారి మార్చాలి, 52కి మళ్ళీ, 67కి మళ్ళీ. మార్చిన ప్రతిసారీ పాతదాన్ని అరగదీసే తీయాలి, దాంతోపాటు మీ పన్ను కూడా ఇంకాస్త పోయే అవకాశం ఉంది. మీరు ఇస్తున్నది ఒక బిల్లు కాదు, జీవితాంతం వచ్చే ఈఎంఐ. ఇది తెలిసి ఒప్పుకుంటే తప్పేమీ లేదు. తెలియక ఒప్పుకోవడమే బాధ.

అతుకు ఎందుకు నిలుస్తుంది?

వెనీర్లు కొత్తవేం కాదు. 1930ల నాటికే హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే డెంటిస్ట్ సినిమా నటులకి పళ్ళ మీద పలచటి తొడుగులు పెట్టేవారు. కట్టుడు పళ్ళకి వాడే పౌడర్‌తో అంటించేవారు. షూటింగ్ ఉన్నంతసేపే ఉండేవి, తర్వాత తీసేసేవాళ్ళు. ఎందుకంటే పంటికి ఏదైనా గట్టిగా పట్టుకునేలా అంటించే పద్ధతి అప్పటికి లేదు.

1955లో మైఖేల్ బ్యూనోకోర్ ఆ దారి చూపించారు. ఎనామిల్‌కి ఫాస్ఫారిక్ యాసిడ్ కొద్దిసేపు రాస్తే దాని మీద కంటికి కనపడని సన్నటి గుంతలు పడతాయి. రెజిన్ ఆ గుంతల్లోకి దిగి గట్టిపడి పట్టేసుకుంటుంది. 1980లలో పోర్సిలైన్ లోపలి వైపు కూడా యాసిడ్‌తో గరుకు చేసి అతికించడం మొదలైంది. ఇప్పుడు మనం చూస్తున్న వెనీర్లు అక్కడి నుంచి వచ్చినవే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వెనీర్ ఆయుష్షు ఉండేది వెనీర్‌లో కాదు, కింద మిగిలిన ఎనామిల్‌లో. గోడకి టైల్ వేసినట్టే అనుకోండి. గోడ గట్టిగా ఉంటే టైల్ ఏళ్ళ తరబడి ఉంటుంది. పెచ్చులు ఊడే గోడ మీద ఎంత ఖరీదైన టైల్ వేసినా జారిపోతుంది. ఎనామిల్ మొత్తం అరగదీసి లోపలి డెంటిన్ దాకా వెళ్ళిపోతే అతుకు బలం తగ్గుతుంది, జివ్వుమనడం మొదలవుతుంది.

ఇంకో సంగతి. వెనీర్లని చెప్పి కొన్నిచోట్ల క్రౌన్లు పెట్టేస్తుంటారు. క్రౌన్ అంటే పంటిని చుట్టూ అరగదీసి టోపీలా తొడిగేది. వెనీర్‌కి మామూలుగా పంటిలో మూడో వంతు కంటే తక్కువే పోతుంది. క్రౌన్‌కి సగానికి పైగా పోతుంది. పుచ్చి విరిగిపోయిన పంటికి క్రౌన్ కావాల్సిందే. రంగు కోసం మంచి పంటిని మేకులా చెక్కించుకోవద్దు. "మీరు పెట్టేది వెనీరా, క్రౌనా? నా పన్ను ఎంత అరగదీస్తారు?" అని నోరు తెరిచి అడగండి. అడగడం మీ హక్కు.

నేను చేసిన తప్పు ఒకటి

ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పెళ్ళికి ముందు పై పళ్ళకి ఆరు వెనీర్లు పెట్టాను. చాలా బాగా కుదిరాయి. ఫొటోలు చూసుకుని ఇద్దరం మురిసిపోయాం. రెండేళ్ళు తిరక్కుండానే వచ్చాడు. రెండింటి అంచులు పెచ్చులు లేచాయి. "సార్, నేను గట్టివి ఏమీ కొరకలేదు, ఒట్టు" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ళావిడ, "రాత్రిపూట పళ్ళు కొరుకుతారండీ, ఆ చప్పుడుకి నాకు మెలకువ వస్తుంది" అంది.

అప్పుడు లోపలి పళ్ళు చూశాను. దవడ పళ్ళు అరిగి చదునుగా ఉన్నాయి. ఆ గుర్తు మొదటి రోజు కూడా అక్కడే ఉండి ఉంటుంది. నేను నవ్వు చూశాను, నోరు చూడలేదు. ఆ రెండూ నా ఖర్చుతో మార్చి, రాత్రి పెట్టుకోవడానికి నైట్ గార్డ్ చేసిచ్చాను. అప్పటి నుంచి ఎవరికి వెనీర్లు పెట్టాలన్నా ముందు దవడ పళ్ళు చూస్తాను, ఇంట్లోవాళ్ళని కూడా అడుగుతాను. పొద్దున్న లేచేసరికి దవడలు నొప్పిగా, బిగుసుకుపోయినట్టు ఉంటున్నాయా? కణతల దగ్గర తలనొప్పి వస్తోందా? అయితే ఆ మాట మీ డాక్టర్‌కి మీరే చెప్పండి. నైట్ గార్డ్ ఇస్తే దాన్ని డబ్బాలో దాచకుండా పెట్టుకోండి.

ఫ్లోరైడ్ మచ్చలు ఉన్నవాళ్ళకి

నల్గొండ, ప్రకాశం జిల్లాల వైపు నుంచి వచ్చేవాళ్ళలో పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చాలామందికి ఉంటాయి. అది వాళ్ళు బ్రష్ చేయకపోవడం వల్ల వచ్చింది కాదు. చిన్నప్పుడు, చిగురు లోపల పళ్ళు తయారవుతున్న వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగడం వల్ల వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లల్ని చూశాను. కాలేజీ ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా పళ్ళు కనపడని అమ్మాయి నాకు తెలుసు. వాళ్ళకి ఇది షోకు కాదు.

అయినా వాళ్ళకి కూడా మొదటి మందు వెనీర్ కాదు. మచ్చలు పైపైన ఉంటే మైక్రో అబ్రేషన్, అంటే పైపొరని చాలా పలచగా రుద్ది తీయడం, బ్లీచింగ్, రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ లాంటివి ఉన్నాయి. వీటిలో పన్ను పోయేది చాలా తక్కువ. పళ్ళు గుంతలు పడి, పెచ్చులు లేస్తున్న ముదిరిన కేసుల్లో వెనీర్లు ఆలోచిస్తాం. ఫ్లోరోసిస్ ముదిరిన ఎనామిల్‌కి యాసిడ్ సరిగా పట్టదు కాబట్టి అతుకు విషయంలో డాక్టర్ అదనపు జాగ్రత్త తీసుకోవాలి.

అలాగే పళ్ళు వంకరగా ఉంటే ముందు క్లిప్పులో, అలైనర్లో ఆలోచించండి. టైం పడుతుంది, నిజమే. అయినా పన్ను మీదే ఉంటుంది. ఇక 18 ఏళ్ళ లోపు వాళ్ళకి నేను సాధారణంగా పోర్సిలైన్ వెనీర్లు పెట్టను. ఆ వయసులో పంటి లోపల నరం ఉండే గది పెద్దగా ఉంటుంది, చిగురు అంచు కూడా ఇంకా సర్దుకుంటూ ఉంటుంది.

పెట్టించుకున్నాక ఎలా చూసుకోవాలి?

పోర్సిలైన్ పుచ్చదు. దాని వెనకున్న మీ పన్ను పుచ్చుతుంది. వెనీర్లు పాడయ్యే కథ చాలాసార్లు అంచు దగ్గరే మొదలవుతుంది, చిగురూ వెనీరూ కలిసే ఆ గీత దగ్గర. అక్కడ పాచి నిలిస్తే పన్ను పుచ్చుతుంది, చిగురు వాచి కిందికో పైకో జరుగుతుంది, గీత బయటపడుతుంది.

కాబట్టి రోజుకి రెండుసార్లు, సాఫ్ట్ బ్రష్‌తో, మామూలు ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోముకోండి. బొగ్గు పొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి, వైటెనింగ్ పౌడర్లు వద్దు. అవి మెరుపుని గీకేస్తాయి, గీకినచోట మరకలు తొందరగా పడతాయి. పళ్ళ మధ్య ఫ్లాస్ వాడండి. ఫ్లాస్ లాగితే వెనీర్ ఊడొస్తుందేమో అని భయపడతారు. సరిగా అతికించింది ఊడదు. ఊడిందంటే అది ఎలాగూ ఊడేదే.

ముందు పళ్ళతో చేయకూడని పనులు మనకి అలవాటైనవే. చెరుకు గడ చీల్చడం, వేరుశనగ కాయలు ఒలవడం, సోడా మూత తీయడం, షాంపూ ప్యాకెట్ చించడం, దారం తెంపడం, గోళ్ళు కొరకడం, మటన్ బొక్క కొరకడం. వేపపుల్ల నమలాలనిపిస్తే దవడ పళ్ళతో నమలండి. చెక్కలు, జంతికలు, పల్లీ చిక్కీ మానేయక్కర్లేదు. చేత్తో విరిచి, పక్క పళ్ళతో తినండి. జామకాయ ముక్కలు కోసుకోండి. కబడ్డీ, క్రికెట్, బాక్సింగ్ ఆడేవాళ్ళు మౌత్ గార్డ్ పెట్టుకోండి.

టీ, కాఫీ, పసుపు కూరలు పోర్సిలైన్‌ని పెద్దగా ఏమీ చేయవు, అంచు మీద మాత్రం మరక పడొచ్చు. కాంపోజిట్ అయితే రంగు పీలుస్తుంది. తాగిన తర్వాత నీళ్ళతో పుక్కిలిస్తే చాలా తేడా ఉంటుంది. సిగరెట్, గుట్కా, ఖైనీ సంగతి వేరే చెప్పాలా? అవి వెనీర్‌కంటే ముందు చిగుళ్ళనీ, నోటినీ తినేస్తాయి.

ఇంకో మాట. బ్లీచింగ్ చేస్తే మీ సొంత పళ్ళు తెల్లబడతాయి, వెనీర్ రంగు మారదు. అందుకే తెల్లదనం కావాలంటే బ్లీచింగ్ ముందు చేయించుకుని, రెండు వారాలు ఆగి, ఆ రంగుకి వెనీర్ మ్యాచ్ చేయించుకోవాలి.

ఆర్నెల్లకోసారి చెకప్‌కి వెళ్ళండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే "నాకు వెనీర్లున్నాయి" అని ముందే చెప్పండి. క్లీనింగ్ మిషన్ ఆ అంచుల మీద ఆడించకుండా చూసుకుంటారు. యాసిడ్ కలిసిన ఫ్లోరైడ్ జెల్ పోర్సిలైన్ మెరుపుని తగ్గిస్తుంది, దాని బదులు న్యూట్రల్ జెల్ వాడతారు.

ఎప్పుడు పరిగెత్తాలి?

అంచు దగ్గర గోధుమరంగు గీత కనపడినా, చల్లటివి తాగితే కొత్తగా జివ్వుమన్నా, నాలుకకి గరుకు తగిలినా, వెనీర్ కాస్త కదిలినట్టున్నా, చిగురు నుంచి రక్తం వస్తున్నా ఆగొద్దు. పెట్టించుకున్న మొదటి కొన్ని రోజులు కొంచెం జివ్వుమనడం మామూలే. వారాలు గడిచినా తగ్గకపోతే మామూలు కాదు.

వెనీర్ ఊడి చేతిలోకి వస్తే కంగారుపడకండి. చిన్న డబ్బాలో భద్రంగా పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పగలకపోతే చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికించొచ్చు. ఇంట్లో ఉన్న సూపర్ గ్లూతో మాత్రం అంటించొద్దు. అది నోటికోసం చేసింది కాదు. వంకరగా అంటుకుందంటే తీయడానికి పన్ను అరగదీయాల్సి వస్తుంది.

చివరిగా ఒక్క మాట. రీల్ చూసి ఆ రోజే ఒప్పుకోవద్దు. పళ్ళు ముట్టుకోకముందు మాకప్ చేయమని అడగండి. అంటే పన్ను అరగదీయకుండా, తాత్కాలిక మెటీరియల్‌తో మీ పళ్ళ మీదే కొత్త ఆకారం పెట్టి చూపిస్తారు. అద్దంలో చూసుకోండి, మాట్లాడి చూడండి, ఇంట్లోవాళ్ళకి చూపించండి. ఒక వారం ఆలోచించుకోండి. వారం ఆగితే ఆఫర్ పోతుందని ఎవరైనా అంటే ఆఫర్‌నే పోనివ్వండి. ఎనామిల్ మీద రిటర్న్ పాలసీ లేదు.

పళ్ళు కొరికే అలవాటు గురించి, నైట్ గార్డ్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఈ రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయడం మర్చిపోకండి. ఉంటాను మరి, నమస్తే.