నాన్నా... పులి!

పేరెంట్స్ మీటింగ్ రోజు. వరసలో నిలబడ్డ తల్లి వంతు వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు తెరవకముందే టీచరమ్మ గొంతు తగ్గించి అడిగింది, ‘ఇప్పుడెలా ఉందండీ? ఆపరేషన్ అయ్యి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే తిరిగేస్తున్నారే!’

‘ఆపరేషనేంటండీ? నాకా?’

పక్కనే ఉన్న మూడో తరగతి పాప తన బూట్లకేసి చూసుకుంటోంది. అమ్మ ఆస్పత్రిలో ఉందని, రాత్రిళ్లు తనే అన్నం వండుకుంటున్నానని చెబితే క్లాసంతా నమ్మింది. స్నేహితులు తమ బాక్సుల్లోంచి సగం తీసి పెట్టారు. టీచర్ దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. హోంవర్క్ చేయకపోయినా ఒక్క మాట అనలేదు.

ఈ పాప ఊరూ పేరూ అడగక్కర్లేదు, ప్రతి బళ్లోనూ ఒకరుంటారు. ఒకడు దసరా సెలవుల్లో దుబాయ్ వెళ్లొచ్చానంటాడు. ఇంకొకడి మేనమామ సినిమా హీరో పక్కింట్లోనే కాపురం. మరో పిల్ల మెట్ల మీంచి పడ్డానని పొద్దుటంతా కుంటుతుంది, మధ్యాహ్నం ఖోఖో మొదలయ్యేసరికి ఏ కాలు కుంటాలో మరిచిపోతుంది. దెబ్బలు తప్పించుకోవడానికో, హోంవర్క్ ఎగ్గొట్టడానికో ఆడే అబద్ధాల సంగతి వేరు. ఈ కోతలవల్ల పిల్లలకి దక్కేది ఒక్కటే, కాసేపు అందరూ తమవైపు తిరగడం.

ఇంటికెళ్లే ఆటోలో ఆ తల్లికి మొదట తోచేది ‘పరువు తీసింది’ అని. తర్వాత ‘దీనికిన్ని అబద్ధాలు ఎవరు నేర్పారు?’ అని. ఈ రెండో ప్రశ్నకి జవాబు తేలికే. ఎవరూ నేర్పక్కర్లేదు.

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో కాంగ్ లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల అబద్ధాల మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన వాడే పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. పిల్లవాడి వెనక ఓ బొమ్మ పెట్టి, ‘నేను వచ్చేదాకా వెనక్కి చూడకు’ అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. రహస్య కెమెరా చూస్తూంటుంది. ఎక్కువమంది వెనక్కి తిరిగి చూసేస్తారు. ‘చూశావా?’ అని అడిగితే రెండేళ్ల వాళ్లలో దాదాపు 30 శాతం, మూడేళ్ల వాళ్లలో సగం మంది, నాలుగేళ్లు దాటిన వాళ్లలో 80 శాతం పైగా చూడలేదనే చెబుతారు. మన పెద్దవాళ్లు అబద్ధం ఆడినా అతికినట్టుండాలన్నారు కదా! అతకాలంటే ఎదుటివాళ్లకి ఏం తెలుసో ఊహించాలి, నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆపుకోవాలి, నిన్న ఏం చెప్పామో ఇవాళ గుర్తుంచుకోవాలి. బుర్ర ఎదిగే కొద్దీ ఈ పనులన్నీ చేతనవుతాయి. అంటే మొదటి అబద్ధం విన్నప్పుడు గుండె బాదుకోనక్కర్లేదు. నాలుగేళ్ల వాడు మంచం కింద సింహం ఉందంటే అది ఆట. మూడో తరగతి పాప విషయం మాత్రం అలా వదిలేసేది కాదు. ఎనిమిదేళ్లకి ఏది ఉత్తుత్తిదో ఏది నిజమో బాగానే తెలుసు.

పులి ఎందుకొచ్చింది?

ఇలాంటి పిల్లలు కనిపించగానే పెద్దవాళ్లు విప్పే కథ ఒకటుంది. ‘నాన్నా పులి’. అబద్ధాలాడితే చివరికి పులి తినేస్తుందని దాని నీతి. తరతరాలుగా చెబుతున్నాం. కానీ పశువులు కాస్తూ ఉత్తుత్తిగా ‘పులి’ అని అరిచిన ఆ పిల్లవాడు పొద్దుటి నుంచి ఎక్కడున్నాడో ఒక్కసారి చూడండి. మాట్లాడే మనిషి లేని చోట, పశువుల మధ్య, ఒంటరిగా. తండ్రి ఉన్నాడు, అల్లంత దూరంలో, తన పనిలో. మామూలుగా పిలిస్తే రాడు. పులి అంటే పరుగెత్తుకొచ్చాడు. రెండోసారీ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కోప్పడి వెళ్లిపోయాడే తప్ప ‘ఏంరా, తోచట్లేదా?’ అని కాసేపు కూర్చోలేదు. కథ చెప్పేవాళ్లంతా తండ్రులూ తాతలే కాబట్టి కాబోలు, తప్పంతా పిల్లవాడి ఖాతాలో పడిపోయింది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు బళ్లలో టీచర్లకి ఈ కథ మరో రూపంలో తెలుసు. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. కొడుకు మాత్రం వారం వారం చెబుతూంటాడు, ‘మా బాపు వచ్చే శుక్రవారం వస్తుండు, నాకు రిమోట్ కారు తెస్తుండు’ అని. శుక్రవారం పోతుంది. విమానం క్యాన్సిల్ అయిందంటాడు. కడప, గోదావరి జిల్లాల్లో కువైట్ వెళ్లిన అమ్మల గురించి కూడా ఇలాంటి కబుర్లే వినిపిస్తాయి. వీటిని అబద్ధాలనడానికి నాకు నోరు రాదు. అవి కోరికలు. వాటిని ఆ పిల్లలు జరిగినట్టు చెప్పేస్తున్నారు, అంతే.

కారణం ఎప్పుడూ అంత పెద్దదే కానక్కర్లేదు. చెల్లి పుట్టింది. బడి మారింది. అన్నయ్యకి ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకే. కొన్ని ఇళ్లలో అయితే మామూలు రోజున పిల్లల మాట వినే తీరిక ఎవరికీ ఉండదు, ఒళ్లు వెచ్చబడితే చాలు, ఇల్లంతా మంచం చుట్టూ చేరుతుంది. అమ్మ సెలవు పెడుతుంది, నాన్న బ్రెడ్డూ బత్తాయిలూ తెస్తాడు, అమ్మమ్మ దిష్టి తీస్తుంది. ఏం జరిగితే మనుషులు దగ్గరికొస్తారో పిల్లలు చాలా త్వరగా కనిపెట్టేస్తారు. బళ్లో ఆపరేషన్ కథ అక్కడే పుడుతుంది.

‘నిజం చెప్పు, కొట్టను’

తెలుగిళ్లలో పిల్లలు వినే మొదటి అబద్ధం బహుశా ఇదే. నిజం చెప్పగానే వీపు విమానం మోత. మరోసారి ఆ పొరపాటు చేయకూడదని పిల్లలు నేర్చుకుంటారు.

2011లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. పశ్చిమాఫ్రికాలో రెండు బళ్లు. ఒకదాంట్లో తప్పు చేస్తే కర్రతో కొడతారు, చెంపలు వాయిస్తారు. ఇంకోదాంట్లో మందలింపుతో సరి. మూడు, నాలుగేళ్ల పిల్లలతో అదే బొమ్మ ఆట ఆడించారు. కొట్టే బళ్లో వెనక్కి చూసిన వాళ్లు ఇంచుమించు అందరూ అబద్ధమాడారు. పైగా అతికినట్టు ఆడారు. తర్వాతి ప్రశ్నలకి అంత తేలిగ్గా దొరకలేదు. బెత్తం ఆ పిల్లలకి నేర్పింది నిజాయతీ కాదు, దొరక్కుండా ఉండటం. తల్వార్ బృందమే తర్వాత నాలుగు నుంచి ఎనిమిదేళ్ల లోపు 372 మంది మీద ఇంకో పరీక్ష చేసింది. శిక్ష ఉంటుందని బెదిరించిన చోట నిజం తక్కువ వచ్చింది. ‘నువ్వు నిజం చెబితే నాకు సంతోషం’ అన్న చోట ఎక్కువ వచ్చింది.

కథల సంగతీ వాళ్లు వదల్లేదు. 2014లో వచ్చిన మరో ప్రయోగంలో కొందరు పిల్లలకి తోడేలు వచ్చిందని అబద్ధాలాడి నష్టపోయే కుర్రాడి కథ, కొందరికి ముక్కు పొడుగు పెరిగే పినోకియో కథ, కొందరికి జార్జ్ వాషింగ్టన్ చెర్రీ చెట్టు కథ చదివి వినిపించారు. భయపెట్టే కథలు రెండూ ఏమీ పనిచేయలేదు. చెట్టు నరికింది తనేనని ఒప్పుకున్న కొడుకుని తండ్రి మెచ్చుకునే మూడో కథ విన్నవాళ్లు మాత్రం నిజం ఎక్కువ చెప్పారు. ఆ కథ చివర మార్చి, మెచ్చుకోలు తీసేస్తే దాని బలమూ పోయింది. (తమాషా ఏంటంటే, ఆ చెర్రీ చెట్టు సంగతే ఉత్త కల్పన. వీమ్స్ అనే ఆయన తను రాసిన జీవితచరిత్రలో 1806లో చేర్చాడు.)

మనకి కల్పన అక్కర్లేదు. పదిహేనేళ్ల మోహన్‌దాస్ అన్న చేతి కడియంలోంచి బంగారం ముక్క తీశాడు. తట్టుకోలేక కాగితం మీద తప్పు రాసి, జబ్బుతో మంచంలో ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి చదివి కన్నీళ్లు పెట్టుకున్నాడు, కాగితం చింపేశాడు, ఏమీ అనకుండా పడుకున్నాడు. గాంధీ తన ఆత్మకథలో దీన్ని మరిచిపోలేని పాఠంగా రాసుకున్నారు. పులి కథ చెప్పిన రాత్రే ఇదీ చెప్పొచ్చు.

ఆ సాయంత్రం

ఇక మన పాప దగ్గరికి వద్దాం. ఆటోలో అడగకూడదు, నాన్న ముందు పంచాయితీ పెట్టకూడదు. ‘టీచర్‌కి ఏం చెప్పావే?’ అని తెలియనట్టు అడగడమైతే అస్సలు పనికిరాదు. తెలిసిన విషయాన్ని ప్రశ్నగా మార్చి అడగడమంటే ఇంకో అబద్ధానికి మనమే పీట వేయడం. అన్నాలయ్యాక, పక్క మీద, మాట ఇలా నడవొచ్చు.

‘బుజ్జీ, నాకు ఆపరేషన్ అయిందని టీచర్ అనుకున్నారు. నువ్వే చెప్పావని తెలుసు. తిట్టనులే. అలా చెప్పాక క్లాసులో ఏమైంది?’

‘ఏం కాలేదు.’ కాసేపాగి, ‘అందరూ నా దగ్గర కూర్చున్నారు.’

‘అంతకుముందు?’

‘బెంచీకి నలుగురే పడతారమ్మా. వాళ్లు నలుగురు ఉన్నారుగా.’

ఆపరేషన్ కథ వెనకున్నది ఆ బెంచీ. ‘ఎందుకు అబద్ధం చెప్పావ్?’ అని పది సార్లు గద్దించినా ఆ మాట బయటికి రాదు. ‘ఎందుకు’కి జవాబు ఎనిమిదేళ్ల పిల్లకే తెలియదు. ‘ఏమైంది’కి తెలుస్తుంది.

అలాగని చెప్పిందాన్ని గాలికి వదిలేయకూడదు. మర్నాడు అమ్మా, పాపా కలిసి టీచర్ని విడిగా కలవాలి. ‘అమ్మకి ఆపరేషన్ అవలేదు టీచర్, నేనే అలా చెప్పాను’ అని పాప తన నోటితో అంటే చాలు. క్లాసు ముందు నిలబెట్టి చెప్పించడం శిక్ష అవుతుంది, సరిదిద్దడం అవదు. సగం సగం పెట్టిన స్నేహితుల బాకీ ఒకటుంది కదా, వారం పాటు బాక్సులో పులిహోర కాస్త ఎక్కువ పెడితే అదీ తీరుతుంది. అబద్ధం ఇంకో పిల్ల మీద పడి ఉంటే, ‘నా పెన్సిల్ బాక్సు అదే తీసింది’ లాంటిదైతే, ఇంత మెతకదనం కుదరదు. నింద మోసిన పిల్ల ఎదుటే నిజం చెప్పాలి.

తర్వాత చేయాల్సిందంతా అబద్ధాలు లేని రోజుల్లోనే. రోజూ ఓ పావుగంట, ఫోన్ పక్కన పడేసి, మార్కుల ఊసు లేకుండా. ‘ఇవాళ ఎన్నొచ్చాయి?’ అంటే ఒక అంకె వస్తుంది. ‘ఇవాళ క్లాసులో ఎవరు నవ్వించారు?’ అంటే కబుర్లు వస్తాయి. అవి చప్పగా ఉంటాయి, ఎరేజర్ పోయింది, కాకి కిటికీ మీద వాలింది. ఆ చప్పటి నిజాలకే కళ్లు పెద్దవి చేసి వినాలి. దుబాయ్ కోతలు మొదలైతే ‘ఊఁ, వెళ్లాలనుందా?’ అని ఊరుకోవాలి. అడ్డుప్రశ్నలు వేస్తే కోత పెరుగుతుంది. నవ్వితే ఇంకా పెరుగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు ‘మావాడు భలే కోతలు కోస్తాడండీ, ఏదీ ఆ ఏనుగు సంగతి చెప్పరా’ అని వాడి చేత చెప్పించే తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉంటాం. చప్పట్లు కొట్టాక ప్రదర్శన ఆగమంటే ఎలా ఆగుతుంది?

ఇక మన అబద్ధాల సంగతి. ఫోన్ మోగితే ‘నాన్న లేరని చెప్పు’ అంటాం. బస్సెక్కితే ఆరేళ్ల వాణ్ని నాలుగేళ్ల వాడిగా మార్చి టికెట్ మిగులుస్తాం. కాలిఫోర్నియాలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమకి పెద్దవాళ్లు అబద్ధం చెప్పారని తెలిసిన బడి వయసు పిల్లలు తామూ ఎక్కువగా అబద్ధాలాడారు. దీని మీద ఇంకేం చెప్పేది!

బళ్లో టీచర్ చేతిలో ఇంతకన్నా ఎక్కువే ఉంది. నలభై, యాభై మందిలో ఒక్కరి మీద ధ్యాస ఎలా పెట్టమంటారని అడుగుతారు, న్యాయమే. కానీ ‘ఏరా కోతలరాయుడూ, ఇవాళేంటి విశేషం?’ అని క్లాసంతా నవ్వేలా అనడానికీ సమయం పడుతుంది కదా. ఆ పేరు పదో తరగతి దాకా వాణ్ని వదలదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వాడు కోత కోసినప్పుడు పట్టించుకోకుండా, రెండు గంటల తర్వాత ఏ కారణమూ లేకుండా వాడి చేత హాజరు పట్టీ హెడ్మాస్టర్ గదికి పంపడమో, ప్రార్థనలో మంచిమాట చదివించడమో చేస్తే చాలు. ఇంత బాగా అల్లగలిగిన పిల్లవాడికి వారానికో రోజు ‘ఇది కథ’ అని ముందే చెప్పించి క్లాసు ముందు నిలబెట్టొచ్చు. మన పాపకైతే బెంచీ మార్చడం అన్నిటికన్నా ముందు.

ఒక్క చోట మాత్రం అబద్ధమేమో అన్న అనుమానమే పక్కన పెట్టాలి. ఎవరో తాకారని, కొట్టారని, ఫలానా అంకుల్ దగ్గరికి వెళ్లనని పిల్లలు చెబితే నిజమనే మొదలుపెట్టాలి. ఎప్పుడూ కోతలు కోసే పిల్ల చెప్పినా సరే. పోక్సో చట్టం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన వాళ్లంతా పోలీసులకి చెప్పి తీరాలంటుంది. ఫిర్యాదు తప్పని తేలినా పిల్లలకి శిక్ష వేయకూడదని అందులో 22వ సెక్షన్ చెబుతుంది. పిల్లల సహాయానికి 1098 ఉంది. రోజూ బడికి వెళ్లే వేళకే వచ్చే కడుపు నొప్పిని కూడా నటన అని కొట్టేయకండి, బస్సులోనో బాత్రూమ్ దగ్గరో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి.

ఇవన్నీ చేసినా మూడో వారంలో ఇంకో కోత వినిపిస్తుంది. అది మామూలే. సంఖ్య తగ్గుతోందా, స్నేహితులు కుదురుతున్నారా అన్నదే చూసుకోవాలి. నెలలు గడిచినా తగ్గకపోయినా, దొంగతనం, చిన్నపిల్లల్నో జంతువుల్నో హింసించడం, ఇంట్లోంచి వెళ్లిపోవడం లాంటివి తోడైనా పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. డాక్టర్ ముందు పిల్లని కూర్చోబెట్టి ‘దీని అబద్ధాలు వినండి సార్’ అని మాత్రం మొదలుపెట్టొద్దు. ఏయే మాటలు చెప్పింది, అప్పుడు ఎవరెవరున్నారు, ఆ వారంలో ఇంట్లో ఏం జరిగింది అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లి విడిగా ఇవ్వండి.