ధ్వని తరంగం – రేడియో తరంగం: సామ్యభేదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
రేడియో మాటను వినిపిస్తుంది కనుక రేడియో తరంగం కూడా ఒక విధమైన ధ్వనేనన్న పొరపాటు అభిప్రాయానికి అవకాశం ఉంది. ఈ రెండు తరంగాల సామ్యభేదాలను భౌతికశాస్త్ర మూలసూత్రాల ఆధారంగా వివరించటం, శాస్త్ర సంప్రదాయంలోని ‘ఆకాశం’, ‘తరంగం’ అన్న భావనలు ఈ బోధనలో ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో చూపటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తరంగం, యానకం, ధ్వని, విద్యుదయస్కాంత వికిరణం, ఆకాశవాణి, వీచీతరంగన్యాయం.

1. ఉపోద్ఘాతం

రేడియోకు ‘ఆకాశవాణి’ అన్న పేరు స్థిరపడింది. వాణి ఆకాశమార్గాన ప్రయాణించి వస్తుందన్న భావం ఆ పేరులో ఉంది. తర్కశాస్త్ర పరిచయం ఉన్నవారికి ఈ పేరు మరింత సహజంగా తోస్తుంది. శబ్దం ఆకాశగుణమని న్యాయవైశేషికుల సిద్ధాంతం. అన్నంభట్టు తర్కసంగ్రహం చెప్పేదీ ఇదే. భౌతికశాస్త్రం ప్రకారం మాత్రం పదార్థం లేనిచోట ధ్వని ప్రసరణ లేదు. శూన్యంలో నిరాటంకంగా సాగేది వాణి కాదు, విద్యుదయస్కాంత తరంగం. రెండింటినీ తరంగాలనే పిలుస్తున్నాం కనుక, ఆ పేరు ఏ లక్షణాన్ని బట్టి వచ్చిందో ముందుగా చూడాలి.

2. తరంగ లక్షణం

నిశ్చలమైన చెరువులో రాయి పడితే అలలు వలయాలుగా ఒడ్డువైపు సాగుతాయి. నీటిపై తేలే ఆకు మాత్రం వాటితో ఒడ్డుకు కొట్టుకురాదు; దాదాపు ఉన్నచోటనే ఊగుతుంది. ప్రయాణించేది నీరు కాదు, నీటిలో పుట్టిన కదలిక, దానితోపాటు శక్తి. తరంగానికి ఇదే ప్రాథమిక లక్షణం.

శబ్దం చెవిని చేరే తీరును వివరించటానికి నైయాయికులు చెప్పిన రెండు దృష్టాంతాలు ఇక్కడ ప్రస్తావించదగినవి. వీచీతరంగన్యాయంలో ఒక అల మరొక అలను పుట్టించినట్లు ఒక శబ్దం తరువాతి శబ్దాన్ని పుట్టిస్తుంది. మొదట పుట్టిన శబ్దమే చెవిదాకా నడిచిరాదు. కదంబముకుళన్యాయంలో కడిమిమొగ్గ నుంచి కేసరాలు అన్నివైపులకూ వెలువడినట్లు శబ్దం దశదిశలకూ వ్యాపిస్తుంది. మొదటిది పరంపరను, రెండవది గోళాకార వ్యాప్తిని స్ఫురింపజేస్తాయి. అయితే ఇవి దృష్టాంతాలు మాత్రమే. వీటిలో కొలత లేదు.

కొలత భౌతికశాస్త్రం చేర్చిన అంశం. సెకనుకు జరిగే కంపనాల సంఖ్య పౌనఃపున్యం. వరుసగా వచ్చే రెండు శృంగాల మధ్య దూరం తరంగదైర్ఘ్యం. ఈ రెండింటి లబ్ధం తరంగ వేగం. ఒక బిందువు నుంచి అన్నివైపులకూ సమంగా వ్యాపించే తరంగశక్తి గోళతలంపై పరుచుకుంటుంది. దూరం రెట్టింపైతే గోళతల వైశాల్యం నాలుగింతలవుతుంది కనుక తీవ్రత నాలుగోవంతుకు తగ్గుతుంది. ఈ సూత్రాలు ధ్వనికీ, కాంతికీ సమానంగా వర్తిస్తాయి. భేదం మొదలయ్యేది యానకం దగ్గర.

3. ధ్వని: పదార్థంలో పుట్టే కలత

మృదంగం మూత కంపించినప్పుడు దానిని ఆనుకొన్న గాలి ఒకసారి ఒత్తుకుపోయి, మరొకసారి పలుచబడుతుంది. ఈ సంపీడన విరళీకరణాలు పొర నుంచి పొరకు అందుతూ ముందుకు సాగుతాయి. గాలికణాల కంపనం తరంగం సాగే దిశలోనే ఉంటుంది కనుక గాలిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగం. తాడనం వల్ల కదిలిన వాయువులు అన్ని దిశలా సంయోగవిభాగాలను కలిగిస్తాయని శాబరభాష్యం చెప్పిన మాట, ఈ అంశం వరకు, ఆకాశగుణవాదం కంటే భౌతికశాస్త్రానికి సన్నిహితం.

ధ్వని వేగాన్ని నిర్ణయించేవి యానకపు స్థితిస్థాపకత, సాంద్రత. న్యూటన్ ఈ వేగాన్ని గణిస్తూ సంపీడనంలో గాలి ఉష్ణోగ్రత మారదని భావించాడు. ఆ లెక్క ప్రకారం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద వేగం సెకనుకు సుమారు 280 మీటర్లు రావాలి. వాస్తవ విలువ సుమారు 331 మీటర్లు. లోపాన్ని లాప్లాస్ సవరించాడు. సంపీడనాలు ఎంత త్వరగా జరుగుతాయంటే, పుట్టిన వేడి పక్కకు పోయేందుకు వ్యవధి ఉండదు. అందువల్ల గాలి 1.4 రెట్లు ఎక్కువ బిగువుగా ప్రవర్తిస్తుంది. వేగం ఆ సంఖ్య వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.18 రెట్లు పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. ధ్వని వేగాన్ని వివరించటానికి గాలి ఉష్ణధర్మాలు అవసరం కావటమే ధ్వని పదార్థాశ్రితమన్నదానికి బలమైన నిదర్శనం.

4. విద్యుదయస్కాంత తరంగం: యానకం అక్కరలేని తరంగం

1865లో ప్రచురితమైన పరిశోధనపత్రంలో మాక్స్‌వెల్ విద్యుత్, అయస్కాంత స్థిరాంకాల నుంచి ఒక తరంగ వేగాన్ని గణించాడు. అది అప్పటికే కొలిచి ఉన్న కాంతి వేగానికి చాలా దగ్గరగా ఉంది. కాంతి విద్యుదయస్కాంత తరంగమన్న నిర్ణయానికి అదే ఆధారం. మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని, మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని కలిగిస్తాయి. ఇక్కడ కంపించేవి కణాలు కావు, క్షేత్రాలు. శూన్యంలో ఈ కంపనం ప్రయాణదిశకు లంబంగా ఉంటుంది కనుక ఇది తిర్యక్ తరంగం. కాంతిని ధ్రువీకరించగలగటం, గాలిలోని ధ్వనిని ధ్రువీకరించలేకపోవటం ఈ భేదం ఫలితమే.

తరంగమంటే యానకం ఉండితీరాలన్న నమ్మకంతో 19వ శతాబ్ది శాస్త్రజ్ఞులు ‘ఈథర్’ను ఊహించారు. 1887లో మైకెల్సన్, మోర్లీ జరిపిన ప్రయోగంలో ఈథర్ మీదుగా భూమి కదలికకు ఆశించిన జాడ కనిపించలేదు. 1905లో ఐన్‌స్టీన్ అలాంటి యానకం అనవసరమని చూపాడు. ఈలోగా హెర్ట్జ్ ఈ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించాడు. కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల వాటిపై ప్రయోగాలు చేశాడు. రేడియో తరంగాల నుంచి గామా కిరణాల వరకు అన్నీ ఈ కుటుంబానివే. శూన్యంలో వీటన్నిటి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు.

5. రేడియో ప్రసారంలో రెండు తరంగాలు

విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ పౌనఃపున్యం 837 కిలోహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు. మనిషి చెవికి పరిమితి దాదాపు 20,000 హెర్ట్జ్. అయితే రేడియో తరంగం వినపడకపోవటానికి పౌనఃపున్యం ఎక్కువ కావటమే కారణమనటం సరికాదు. 1,000 హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగం వచ్చినా కర్ణభేరి దానిని ధ్వనిగా గ్రహించదు. దానిని కదిలించేది గాలి పీడనంలోని మార్పు. స్టూడియోలో మైక్రోఫోన్ ఆ పీడన మార్పులను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని బట్టి వాహక తరంగం కంపన పరిమితి హెచ్చుతగ్గులవుతుంది. గ్రాహకం ఆ హెచ్చుతగ్గులను వేరుచేస్తుంది. లౌడ్‌స్పీకర్ తిరిగి గాలిని కదిలిస్తుంది. దారిలో సాగింది ధ్వని కాదు, ధ్వని ఆకృతి.

ఒక లెక్కతో ఈ భేదం స్పష్టమవుతుంది. ప్రసార కేంద్రానికి 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రోత, లౌడ్‌స్పీకర్‌కు రెండు మీటర్ల ఎడంగా కూర్చున్నాడనుకుందాం. రేడియో తరంగం 250 కిలోమీటర్లు దాటటానికి సుమారు 0.8 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 343 మీటర్ల వేగంతో సాగే ధ్వనికి గదిలోని రెండు మీటర్లు దాటటానికి సుమారు 5.8 మిల్లీసెకన్లు కావాలి. పరికరాల్లో జరిగే జాప్యాన్ని పక్కన పెడితే, చివరి రెండు మీటర్లకే ఏడింతల కాలం పడుతుంది.

6. ముగింపు

శక్తిని మోయటంలో, వ్యాప్తిలో, పౌనఃపున్య తరంగదైర్ఘ్యాల సంబంధంలో ఈ రెండు తరంగాలు సమానం. కంపించే వస్తువులో, కంపన దిశలో, యానకపు అవసరంలో అవి భిన్నం. వీచీతరంగ, కదంబముకుళ న్యాయాలు సామ్యాన్ని బోధించటానికి ఉపకరిస్తాయి. ఆకాశగుణవాదాన్ని మాత్రం భౌతికశాస్త్ర పాఠంలోకి యథాతథంగా తేకూడదు. ‘ఆకాశవాణి’ అన్న అందమైన పేరును వదులుకోనక్కరలేదు. అందులో ‘ఆకాశం’ విద్యుదయస్కాంత తరంగానిది, ‘వాణి’ గాలిది అని అధ్యాపకులు విడమరచి చెప్పగలిగితే ఆ పేరే చక్కని పాఠమవుతుంది.