తుపాకి – శాసనం – సమాజం

మన రాజ్యాంగం 19వ అధికరణం ద్వారా పౌరులకు ఇచ్చిన స్వేచ్ఛలలో సమావేశ స్వేచ్ఛ ఒకటి. అయితే ఆ వాక్యంలోనే రెండు షరతులున్నవి. సమావేశం శాంతియుతంగా జరగాలి. ఆయుధాలు లేకుండా జరగాలి. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండవ సవరణ మరొక మార్గం పట్టినది. స్వతంత్ర రాజ్య రక్షణకు క్రమబద్ధమైన పౌరసేన అవసరమని పేర్కొని, ప్రజలు ఆయుధాలు కలిగి ఉండే హక్కుకు భంగం కలుగరాదని అది శాసించినది. ఆ దేశంలో బడులలోను, బజారులలోను, ప్రార్థనాలయాలలోను సామూహికంగా కాల్పులు జరిగిన ప్రతిసారీ చెలరేగే వాదోపవాదాలన్నీ చివరకు ఈ ఒక్క వాక్యం దగ్గరకే వచ్చి ఆగుతవి.

ఆ వాక్యం పుట్టిన కాలాన్ని మరువరాదు. బ్రిటిషు రాజు సైన్యంతో పోరాడి స్వాతంత్ర్యం గెలుచుకొన్న ఆనాటి రైతులకు, వర్తకులకు స్థిర సైన్యమంటేనే అనుమానం. అవసరమైనపుడు ఇంటి తుపాకి అందుకొని కదిలే పౌరసేనయే దేశానికి రక్ష అని వారి నమ్మకం. నాటి తుపాకి ఒకసారి పేలిన తరువాత మళ్లీ మందు దట్టించి, గుండు నింపి, గురి చూడవలసినది. నేటి రైఫిలు ఒక్క నిమిషంలో పదుల గుండ్లు కురిపించగలదు.

ఈ హక్కు పౌరసేనకు సంబంధించినదా, ప్రతి వ్యక్తికీ చెందినదా అన్న మీమాంస చాలాకాలం సాగినది. 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో, ఆత్మరక్షణకై ఇంట తుపాకి ఉంచుకొనడం వ్యక్తి హక్కేనని తీర్పు చెప్పినది. ఈ హక్కుకు హద్దులున్నవని కూడా ఆ తీర్పులోనే ఉన్నది. ఆ మాట ఎత్తేవారు మాత్రం తక్కువ. ఆ తరువాత 2022 జూన్ నెలలో బ్రూయెన్ కేసు వచ్చినది. ఇంటి వెలుపల పిస్తోలు వెంట ఉంచుకొనదలచినవాడు తనకు గల ప్రత్యేక అవసరాన్ని నిరూపించాలని న్యూయార్కు రాష్ట్రంలో శతాబ్దానికి పైగా అమలులో ఉన్న నిబంధనను కోర్టు కొట్టివేసినది. దానికి నెల రోజుల ముందే టెక్సాస్ రాష్ట్రంలోని యువాల్డిలో ఒక ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు కాల్పులకు బలియైనారు.

నా దృష్టిలో ఈ వివాదానికి కీలకం ఇక్కడే ఉన్నది. తుపాకి కోరేవాడు తనకది ఎందుకు కావాలో చెప్పాలా? లేక అతనికి ఎందుకు ఇవ్వరాదో ప్రభుత్వం చెప్పాలా? అమెరికాలో ఎక్కువగా రెండవ పద్ధతి నడుస్తున్నది. ఆస్ట్రేలియా 1996లో మొదటి పద్ధతిని గట్టి చేసుకొన్నది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్ అనే చోట ఒక వ్యక్తి 35 మందిని చంపగా, ప్రధాని జాన్ హోవర్డ్ రాష్ట్రాలన్నిటినీ ఒప్పించి కొత్త నియమాలు తెచ్చినాడు. సుమారు 6,50,000 తుపాకులను ప్రభుత్వం సొమ్మిచ్చి తిరిగి తీసుకొన్నది. లైసెన్సు కోరేవాడు తగిన కారణం చూపాలన్నది నియమం. ఆత్మరక్షణను కారణంగా అంగీకరించరు. అంటే అమెరికా కోర్టు హక్కుకు ప్రాణమని భావించిన దానినే ఆస్ట్రేలియా కారణంగా ఒప్పుకొనలేదు.

చంపేది మనిషి గాని తుపాకి కాదని నియంత్రణను వ్యతిరేకించేవారు అంటారు. ఇందులో సత్యం లేకపోలేదు. ద్వేషం, ఒంటరితనం, అవమానభారం, పేరు మోగాలన్న దురాశ, చెదిరిన మనస్సు – వీటిని కాదనలేము. కాని ఇవి ఏ దేశంలో లేవు? 2017 నాటి అంచనా ప్రకారం అమెరికాలో పౌరుల వద్ద ఉన్న తుపాకులు సుమారు 39 కోట్లు. 100 మందికి 120. మనోవ్యాధి అన్ని దేశాలకు ఉమ్మడి. ఈ లెక్క ఆ ఒక్క దేశానిదే. మరొక సంగతి. 2021లో అక్కడ తుపాకి వలన మరణించిన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకొన్నవారే. సామూహిక కాల్పుల మృతులు ఆ మొత్తంలో చాలా చిన్న భాగం. పత్రికలకు ఎక్కేది మాత్రం ఆ చిన్న భాగమే.

విద్యార్థి మిత్రులు ప్రత్యేకంగా గమనించవలసిన నివేదిక ఒకటున్నది. 1999లో కొలంబైన్ పాఠశాలలో 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు హతులైన పిదప, అమెరికా సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి పాఠశాలలలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో దానిని వెలువరించినవి. వాటిలో అత్యధికం హఠాత్తుగా పుట్టిన ఉద్రేకం వలన జరిగినవి కావు. ఐదింట నాలుగు ఘటనలలో ఎవరో ఒకరికి, సాధారణంగా తోటి విద్యార్థికి, సంగతి ముందే తెలుసు. మూడింట రెండు వంతుల ఘటనలలో తుపాకి వచ్చినది స్వగృహం నుండి, లేదా బంధువుల ఇంటి నుండి.

శాసనం ఉన్నంతమాత్రాన చాలదనడానికి 2007 నాటి వర్జీనియా టెక్ ఉదంతం సాక్ష్యం. అక్కడ 32 మందిని చంపిన విద్యార్థి తనకు తానే అపాయకారి అని 2005లోనే న్యాయాధికారి నిర్ణయించి చికిత్సకు ఆదేశించినాడు. చట్టప్రకారం అతనికి తుపాకి అమ్మరాదు. ఆ కాగితం తనిఖీ జాబితాకు చేరలేదు. అతడు రెండు పిస్తోళ్లు కొన్నాడు. మృతులలో తమిళనాడుకు చెందిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ ఒకరు. తరగతిలో జలశాస్త్రం బోధిస్తూ ఆయన నేలకొరిగినారు.

ఈ చర్చ మన పెద్దలకు తెలియనిది కాదు. 1878 నాటి ఆయుధ చట్టం భారతీయుని లైసెన్సు అడిగి, ఐరోపావాసిని మినహాయించినది. ఆ అవమానం మనసులో ఉండుటచేతనే 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును కోరినది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దీనినే సవరణగా ప్రతిపాదించినారు. డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు, సవరణ వీగిపోయినది. 1959 నాటి మన చట్టంలో ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి. ఒక వ్యక్తికి మూడు తుపాకులన్న పరిమితిని 2019లో రెండుకు తగ్గించినారు.

పై చదువులకై బిడ్డలను విదేశాలకు పంపే తల్లిదండ్రులు మన కళాశాలలోనూ ఉన్నారు. వారికిది దూరదేశపు కథ కాదు. 2023 మే నెలలో టెక్సాస్‌లోని అలెన్ అంగడిలో హతులైన 8 మందిలో తెలంగాణకు చెందిన యువ ఇంజనీరు ఒకరు. 2019 మార్చి 15న, శుక్రవారం, న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ మసీదులలో జుమా నమాజుకై చేరినవారిలో 51 మంది హతులైనారు. వారిలో హైదరాబాదు బిడ్డలున్నారు. ఆ హంతకునికి 2017లో లైసెన్సు ఇచ్చినది పోలీసు శాఖే. అతని స్వభావానికి పూచీ పడినవారు ఆన్‌లైన్ ఆటలలో పరిచయమైన ఒక స్నేహితుడు, ఆ స్నేహితుని ఇంటివారు ఒకరు. నెల తిరగకముందే, ఒక్క ఓటు మినహా పార్లమెంటు యావత్తు, చాలా రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించే బిల్లును ఆమోదించినది.

మార్చి 15ను గూర్చి మనం కన్నీటితో మాట్లాడుకొంటాము. 2025 డిసెంబరు 14ను గూర్చి మౌనం వహించాలనిపిస్తుంది. ఆనాడు సిడ్నీలోని బోండై తీరంలో యూదుల హనుక్కా పండుగ వేళ ఒక తండ్రి, కొడుకు జరిపిన కాల్పులలో 15 మంది అమాయకులు మరణించినారు. ఆ తండ్రి 1998లో హైదరాబాదు నుండి వలస వెళ్లినవాడని తెలంగాణ పోలీసులు ప్రకటించినారు. నిరాయుధుడుగా ఎదురేగి, ఒక దుండగుని చేతి నుండి తుపాకి లాగుకొని, తానూ గాయపడినవాడు సిరియా నుండి వలస వచ్చిన ఒక ముస్లిం దుకాణదారు. ఈ రెండు తేదీలను ఒకే పుటలో వ్రాయడం నాకు సులభం కాలేదు.

ఆ తండ్రి పేర చట్టబద్ధంగా ఆరు తుపాకులున్నవి. 1996లో కారణం అడగడం నేర్చిన దేశమే అతనికి లైసెన్సు ఇచ్చినది. కారణం ఒకసారి అడిగితే చాలునా, ఏటేటా అడగాలా, నగరంలో నివసించే మనిషికి ఆరు తుపాకులతో పనేమిటి అన్న ప్రశ్నలు ఆ మరునాటి నుండే అక్కడ తలెత్తినవి.