కడుపు క్యాన్సర్ – కణంలో వైరస్ చేసే పని

"అన్నా, క్యాన్సర్ అంటుకుంటుందా?" మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఇది. మేము ఇదే హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు రోగనిర్ధారణ ల్యాబుల్లో పనిచేస్తున్న పాత విద్యార్థులం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఈ ప్రశ్నకే జవాబు రాద్దామనుకున్నాం. కొన్ని క్యాన్సర్ల వెనుక వైరస్ ఉంటుందని ఎక్కడో చదివి, జబ్బుచేసిన మనిషికి కంచం, గ్లాసు వేరుగా పెట్టేవాళ్ళు ఉన్నారు. గ్లాసు వేరుగా పెడితే ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కడుపు క్యాన్సర్‌లో కనిపించే వైరస్ పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. క్లుప్తంగా ఇ.బి.వి. ఉగాండా పిల్లల దవడల్లో వచ్చే ఒక రకం గడ్డల నుండి తీసిన కణాలలో దీన్ని ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ అనే ముగ్గురు లండన్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి 1964లో ప్రకటించారు. ప్రపంచంలో పెద్దవాళ్ళలో 90 శాతానికి పైగా మందిలో ఈ వైరస్ ఉంది. ఉమ్మి ద్వారా వస్తుంది, మన వంటి దేశాల్లో ఎక్కువమందికి చిన్నతనంలోనే వచ్చేస్తుంది. వచ్చాక తెల్లరక్తకణాల్లో చేరి జీవితాంతం నిద్రపోతుంది. అంటే ఈ పేజీ చదువుతున్న మనలో దాదాపు అందరిలోనూ అది ఉన్నట్టే. రోగి గ్లాసు వేరుచేసి సాధించేది ఏమీ లేదు. క్యాన్సర్ గడ్డ ఒకరి నుండి ఒకరికి అంటుకోదు.

మరి అందరిలో ఉన్న వైరస్ కొందరికే ఎందుకు ముప్పు తెస్తుంది? దీనికి పూర్తి సమాధానం ఇంకా దొరకలేదు. కడుపు క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. పొగతాగడం, ఉప్పు ఎక్కువైన నిల్వ పదార్థాలు కూడా తోడవుతాయి. ఇ.బి.వి. కనిపించేది నూటికి సుమారు 9 గడ్డల్లో. అయితే ఆ గడ్డల్లో దాదాపు ప్రతి క్యాన్సర్ కణంలోనూ వైరస్ ఉంటుంది, పక్కనున్న మామూలు పొర కణాల్లో ఉండదు. గడ్డ పెరగకముందే, మొదటి కణాల్లోనే అది చేరిందని దీన్నిబట్టి అర్థం చేసుకుంటున్నారు.

ఇక అసలు విషయం ప్రోటీన్లు. మన మెస్ గోడమీద మెనూ చార్టు ఉంటుంది కదా. చార్టులో రాసినదంతా ఏ రోజూ వండరు, ఆ రోజుకు ఏది చెబితే అదే వండుతారు. (చార్టులో గుడ్డు ఉన్నా కంచంలోకి రాని రోజులు పాత బ్యాచ్‌లకు గుర్తే!) కణంలోని డి.ఎన్.ఎ. ఆ చార్టు వంటిది, ప్రోటీన్ వండిన కూర. ఏ జన్యువు నుండి ప్రోటీన్ ఎంత తయారవుతోందన్నదే ప్రోటీన్ వ్యక్తీకరణ.

వైరస్‌కు 80కి పైగా జన్యువులున్నా కడుపు క్యాన్సర్ కణంలో అది తయారుచేసే సొంత ప్రోటీన్లు చాలా కొద్ది. ఎక్కువ తయారుచేస్తే రోగనిరోధక కణాలు పసిగడతాయి. ఇ.బి.ఎన్.ఎ.-1 అనే ప్రోటీన్, కణం రెండైనప్పుడు వైరస్ డి.ఎన్.ఎ. రెండిటికీ అందేలా చూస్తుంది. కొన్ని గడ్డల్లో కనిపించే ఎల్.ఎం.పి.-2ఎ అనే మరో ప్రోటీన్, కణంలో మిథైలేషన్ చేసే ఎంజైమును పెంచుతుంది. మిథైలేషన్ అంటే చార్టులో కొన్ని వరుసల మీద కాగితం అంటించడం వంటిది. రాత చెరిగిపోదు, కానీ వంటమనిషికి కనబడదు. అలా మూతపడే జన్యువుల్లో పి16 ఒకటి. దాని ప్రోటీన్ కణవిభజనకు బ్రేకు. 2014లో అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 కడుపు గడ్డలను పరిశీలించింది. వాటిలో ఇ.బి.వి. ఉన్నవాటిలో మిథైలేషన్ విపరీతంగా కనబడింది, పరీక్షించిన అన్నిటిలోనూ పి16 జన్యువు మూతపడి ఉంది.

ఒకటి తగ్గితే మరొకటి పెరుగుతుంది. ఈ గడ్డల్లో తరచుగా పెరిగేది పి.డి.-ఎల్1. కాపలా తిరిగే టి-కణాలకు ఇది దొంగ పాస్ వంటిది. దాన్ని చూసి అవి దాడి ఆపేస్తాయి. దీనికి విరుగుడుగా ఆ పాస్ చెల్లకుండా చేసే మందులు వచ్చాయి. కొరియాలో 61 మంది ముదిరిన కడుపు క్యాన్సర్ రోగులకు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వారిలో ఇ.బి.వి. గడ్డలున్న ఆరుగురికీ గడ్డ బాగా తగ్గింది. ఆరుగురంటే చిన్న సంఖ్యే. తర్వాతి అధ్యయనాల్లో ఇలాంటి రోగులందరికీ అది పనిచేయలేదు. పైగా మందు ఖరీదు మన కుటుంబాలకు అందేది కాదు. అయినా ఏ రోగికి పనిచేసే అవకాశం ఎక్కువో ముందే తెలియడం చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

అది తెలిసేది మా ల్యాబు బల్లమీదే. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, కొన్ని మైక్రాన్ల మందాన కోస్తాం. ఆపైన యాంటీబాడీలు వేసి రంగు పరీక్ష చేస్తే ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. వైరస్ కోసం ఈబర్ అనే దాని ఆర్.ఎన్.ఎ.ను వెతుకుతాం. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ అని తేలితే ఈబర్, పి.డి.-ఎల్1 పరీక్షలు అవసరమా అని డాక్టరును అడగండి. చాలాసార్లు మళ్ళీ ముక్క తీయనక్కరలేదు, దాచి ఉంచిన మైనం దిమ్మె సరిపోతుంది.