ఎండాకాలం ఫీల్డ్ వర్క్‌కి వెళ్తున్నారా? బ్యాగులో ఏం ఉండాలంటే

ఏప్రిల్, మే అంటే చాలామందికి సెలవులు, కొంతమందికి మాత్రం ఫీల్డ్ వర్క్. భూముల సర్వేకి వెళ్ళేవాళ్ళు, జియాలజీ, బోటనీ ప్రాజెక్టుల స్టూడెంట్స్, ఇంటింటి సర్వే చేసే అమ్మాయిలు... అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏం కొనాలి?" అని. ఏసీ రూములో కోడ్ రాసే ఉద్యోగం వదిలేసి కెమెరాతో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టినప్పుడు నాకూ ఇదే డౌటు. ఆన్‌లైన్‌లో కూలింగ్ టవల్ అని, మెడకి తగిలించుకునే ఫ్యాను అని బోలెడు కనిపిస్తాయి. అవి కార్ట్‌లో వేసే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీరు వెళ్ళేది పొడి ఎండలోకా, ఉక్కపోతలోకా?

ఒళ్ళు చల్లబడేది చెమట ఆరినప్పుడు. రామగుండం, రెంటచింతల వైపు మే నెల గాలి పొడిగా ఉంటుంది. అక్కడ తడి తువ్వాలు మెడకి చుట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో మనకి తెలియదు. మచిలీపట్నం వైపు వెళ్ళారనుకోండి, ఫోన్‌లో డిగ్రీలు తక్కువే చూపిస్తాయి. గాలి నిండా తేమ. అదే తువ్వాలు ఆరదు, చెమటా ఆరదు. అక్కడ డబ్బు పెట్టాల్సింది నీడకి. ఒక టార్పాలిన్, నాలుగు కర్రలు, తాడు. పని తెల్లారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేయడం. అన్నట్టు, వాతావరణ శాఖ 43 డిగ్రీలు అని చెప్తే అది నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచిన లెక్క. మీరు నిలబడేది ఎండలో.

ఇప్పుడు నీళ్ళ లెక్క. అమెరికాలో పనిచేసేచోట భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ, ఎండలో పని చేస్తుంటే 15 నుంచి 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగమంటుంది. దాహం వేసేదాకా ఆగొద్దు. గంటకి ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు అయింది కదా, ఆరు గంటలకి ఐదు లీటర్లు దాటే అవకాశం ఉంది. ఐదు కేజీల బరువు వీపు మీద మోస్తే ఆ మోతకే చెమట పడుతుంది. అందుకే బ్యాగులో రెండు లీటర్లు, బండిలోనో ఊళ్ళో తెలిసినవాళ్ళింట్లోనో ఒక 20 లీటర్ల క్యాను. అలాగని గంటకి లీటరున్నర మించి తాగేయకండి, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది.

గంటల తరబడి చెమట పడితే ఓఆర్ఎస్ కావాలి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్ళలో కలపాలి. చిన్న బాటిల్‌లో మొత్తం వేసేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది. పేరు చూసి తీపి డ్రింకులు కొనకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఉప్పేసిన పలచని మజ్జిగ కూడా మంచిదే. జేబులో ఉల్లిపాయ పెట్టుకోమని చెప్తారు కదా, దాన్ని చద్దన్నంలో నంజుకోండి, లాభం అక్కడుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగాలి.

చాలా లిస్టుల్లో కనపడని విషయం ఒకటుంది. బాత్రూమ్ దొరకదని పొద్దున్నుంచి నీళ్ళు ముట్టని అమ్మాయిలు ఉంటారు. వాళ్ళకి ఎంత ఖరీదైన బాటిల్ ఇచ్చినా ఏం లాభం? టీమ్ లీడర్లూ, ఇది మీ పని. సెలవుల్లో స్కూలుకి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం ఎవరి దగ్గరుందో, పంచాయతీ ఆఫీసులో బాత్రూమ్ వాడుకోవచ్చో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. రూట్ మ్యాప్‌లో ఆ చోట్లు గుర్తు పెట్టండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వదులుగా ఉండే ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా, మెడ కూడా కప్పే తలగుడ్డ, చీలమండ దాటే బూట్లు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని ఆపిలే చెప్తుంది, కాబట్టి ఫోన్‌కి తెల్లగుడ్డ చుట్టి నీడలో ఉంచండి. పేపరు మీద కూడా ఒక మ్యాపు పెట్టుకోండి. పవర్‌బ్యాంకు మూసిన కారులో వదలొద్దు.

మొదటిరోజే ఫుల్ డ్యూటీ చేస్తానని మాత్రం బయల్దేరకండి. నియోష్ లెక్క ప్రకారం ఎండ పనికి కొత్తవాళ్ళు మొదటిరోజు ఐదో వంతే చేయాలి, తర్వాత రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. నాలాంటి ఏసీ బ్యాచ్‌కి ఇది ఇంకా ముఖ్యం.

ఇద్దరిద్దరుగానే తిరగండి, ఎందుకంటే వడదెబ్బ తగిలినవాడికి తనకి తగిలిందని తెలియదు. మాట తడబడినా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. కష్టం చేస్తూ పడిపోయినవాళ్ళకి చెమట ఉండొచ్చు. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు. పొలాల మధ్య అంబులెన్స్‌కి దారి దొరకదు కాబట్టి, ఒకరిని బండి మీద మెయిన్ రోడ్డుకి పంపి అక్కడే నిలబడమనండి.