మీకు తెలుసా? కిలో ట్రిగ్గర్, వెంట్రుకవాసి గురి

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఆటో ఎక్కి "షూటింగ్‌కి పోవాలి" అంటే డ్రైవరు అడిగేవి రెండే: ఏ సిన్మా, హీరో ఎవరు. మొన్న షేక్‌పేట నాలా దగ్గర ఆటో ఆపి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ అన్నప్పుడు నాకూ అదే అయింది. "యూనివర్సిటీ లోపల గూడ సెట్ వేసిన్రా సార్?" అన్నాడాయన. సెట్ కాదు బాబూ, తుపాకీతో గురి చూసే షూటింగ్ అన్నాను. నా చేతిసంచీ వంక అద్దంలోంచి ఒకసారి చూశాడు. మళ్ళీ దిగేదాకా మాట్లాడితే ఒట్టు.

ఆ రేంజ్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది, 2002లో మన ఊళ్ళో జాతీయ క్రీడలు జరిగిన నాటి నుంచీ. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేరు వినే ఉంటారు. 2018లో, 13 ఏళ్ళ వయసులో, మను భాకర్, హీనా సిద్ధూ కూడా ఉన్న జాతీయ పోటీలో సీనియర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం ఎత్తుకుపోయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ టీమ్‌ది. అందులో వాడేది గాలి పిస్టల్ కాదు, నిజం తూటా పేలే సెమీ ఆటోమేటిక్. బోరు .22. రేంజ్‌లో అందరూ 'పాయింట్ టూ టూ' అంటారు. ఈ వారం ముచ్చట దానిదే.

*

సినిమాలో హీరో మ్యాగజైన్‌ని పిడి కిందనుంచి ఫట్‌మని కొడతాడు. పోటీ పిస్టళ్ళలో చాలావాటికి పిడిలో మ్యాగజైనే ఉండదని మీకు తెలుసా? ఇటలీ పార్దీని గానీ, జర్మనీ వాల్తర్ జీఎస్పీ గానీ చూడండి, ట్రిగ్గర్‌కి ముందువైపు ఉంటుంది. ఐదు తూటాలు పడితే చాలు. బరువు ముందుకు పడి బారెల్ ఎగరదన్నది ఒక లాభం. పిడి లోపల ఇనుప పెట్టె లేదు కనుక చెక్కని ఎలా కావాలంటే అలా చెక్కుకోవచ్చన్నది అసలు లాభం.

ఇంకొకటి, ఇక్కడ పిస్టల్ ఒంటిచేత్తోనే పట్టాలి. రెండో చెయ్యి ప్యాంటు జేబులో. మన హీరోలు ఎవరూ ఒప్పుకోరు.

*

చెక్కుకోవడం అన్నానుగా, అక్కడే కాసేపు ఆగాలి. నేను వెళ్ళినరోజు ఇంటర్ చదివే ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని వట్టి పిడిని గరుకు కాగితంతో రుద్దుతోంది. అక్రోటు చెక్క. బొటనవేలు ఆనేచోట చెమటకి నల్లబడి నున్నగా మెరుస్తోంది. చిటికెనవేలి దగ్గర మాత్రం బూడిదరంగు ముద్ద అతికి ఉంది. ఇంట్లో కుళాయి కారితే పెట్టే ఎపాక్సీ ముద్ద ఉంటుందే, ఆ జాతిదే. "అది పోయినేడు పెట్టింది అంకుల్. ఇప్పుడు చెయ్యి పెరిగింది, అందుకే గీకేస్తున్నా" అంది. స్కూలు యూనిఫాం కుట్లు విప్పినట్టు!

కొన్నప్పుడు పిడి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడి ఎడమలుగా వస్తుంది. అది చెప్పుల దుకాణంలో కొన్న చెప్పులాంటిది. చెయ్యి పెట్టి చూసి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ముద్ద నింపి, ఎక్కడ నొక్కితే అక్కడ గీకి, నెలల తరబడి సరిచేసుకుంటేనే అది తనదవుతుంది. కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తాలి, తెరిచి చూస్తే ముందు మైలురాయి వెనక గాడిలో సరిగ్గా మధ్యలో నిలబడాలి. నిలబడకపోతే తప్పు చేతిది కాదు, చెక్కది. షూటర్లు పిడికి పెట్టే పరీక్ష ఇదే.

ఆ 'ముందు మైలురాయి' మాట నాది, వాళ్ళు ఫ్రంట్ సైట్ అంటారు.

పిడికీ హద్దులున్నాయి. మణికట్టు పూర్తిగా విడిగా ఉండాలి. చెక్క పైకి పాకి దాన్ని పట్టుకోకూడదు. అరచేతి కింద ఆనే అంచు పిడికి లంబంగానైనా ఉండాలి, లేదా కిందికి వాలాలి, పైకి వంగి చేతిని బిగించకూడదు. చెయ్యి వణికితే వణకనీ, ఆ వణుకుని ఆపాల్సింది ఒళ్ళే గాని వడ్రంగం కాదన్నది నియమాల వెనక ఉన్న పంతం.

*

కిలో టమాటాల సంచీని చూపుడువేలి కొసకి తగిలించుకుని చూడండి. 25 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ కనీసం అంత బరువుకి ఆగాలి: 1000 గ్రాములు. గాలి పిస్టల్‌కయితే సగం, 500. పోటీకి ముందు బారెల్‌ని నిటారుగా పైకి నిలిపి, ట్రిగ్గర్‌కి తూకంరాయి కట్టి ఎత్తుతారు. రాయి నేలనుంచి లేవాలి, ట్రిగ్గర్ జారకూడదు. జారితే ఆ పిస్టల్‌తో లైను మీదికి రానివ్వరు.

బరువు తగ్గించుకోవడానికి లేదు కాబట్టి షూటర్ల తెలివంతా ఆ కిలోని పంచుకోవడంలో ఉంటుంది. ఎక్కువభాగం మొదటి మెట్టులో వేలు నొక్కేస్తుంది, ఆగుతుంది. మిగిలిన కొద్దిపాటి బరువు రెండో మెట్టులో. 'గాజు పుల్ల విరిగినట్టు' విరగాలని కోచ్‌లు చెబుతారు. మరలు తిప్పి సరిచేసే ఏర్పాటు తయారీదారే ఇస్తాడు. అంతవరకే మన పని. లోపలి కొక్కేలని ఆకురాయితో రుద్దే సాహసం ఏ మంచి షూటరూ చేయడు. అది అరిగితే పిస్టల్ తనంతట తానే పేలుతుంది.

*

'వెంట్రుకవాసిలో తప్పింది' అంటాం. ఆ మాటకి ఇక్కడ లెక్క ఉంది. ముందు సైట్‌కీ వెనక గాడికీ మధ్య దూరం 220 మిల్లీమీటర్లు దాటకూడదు. లక్ష్యం 25 మీటర్ల అవతల. అంటే దగ్గర జరిగిన తప్పు అక్కడికి వెళ్ళేసరికి 113 రెట్లు. ముందు సైట్ గాడిలో ఒక వెంట్రుక మందం, 0.1 మిల్లీమీటరు, పక్కకి ఒరిగితే చాలు, తూటా సెంటీమీటరు పైగా తప్పుకుంటుంది. రెండు వెంట్రుకలకి కొంచెం పైన ఒరిగితే ఒక వలయం దాటిపోతుంది. పది పాయింట్ల వలయం మొత్తం 5 సెంటీమీటర్లే, పానీపూరీ అంత. (10 మీటర్ల గాలి పిస్టల్‌లో అది 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ.) అందుకే షూటర్ లక్ష్యం వంక చూడడు. అది మసకగానే ఉండాలి, చూపు ముందు సైట్ మీదే నిలవాలి. అర్జునుడికి పిట్ట కన్ను కనబడిందట గాని, ఈ ఆటలో పిట్ట కనబడితే ఓడినట్టే.

*

చూడ్డానికి తీరికైన ఆటలా ఉంటుంది గాని సగమే తీరిక. 25 మీటర్ల పిస్టల్‌లో మొదటి 30 తూటాలూ ఐదేసి చొప్పున, ఐదేసి నిమిషాల్లో. తర్వాతి 30కి చెయ్యి దించి 45 డిగ్రీల్లో పెట్టుకోవాలి. పచ్చదీపం వెలుగుతుంది, 3 సెకన్లలో ఎత్తి, గురిచూసి, ఒకటే పేల్చాలి. 7 సెకన్లు విరామం. మళ్ళీ 3. కొత్త పిడి మంచిదో కాదో ఆ మూడు సెకన్లలో తేలుతుంది, మెట్ల మీద కూర్చున్నప్పుడు కాదు.

*

మగవాళ్ళ ర్యాపిడ్ ఫైర్‌లో ఒకప్పుడు .22 షార్ట్ అనే పొట్టి తూటా వాడేవాళ్ళు. వెనక్కి తన్నేది తక్కువ కాబట్టి నాలుగు సెకన్లలో ఐదు పేల్చడం సుఖం. ట్రిగ్గర్ బరువుకి హద్దు లేదు, పూలరేకంత తేలికగా పెట్టుకునేవాళ్ళు. ఏథెన్స్ ఒలింపిక్స్ అయ్యాక, 2005 నుంచి, ఆ తూటా బంద్. మామూలు .22 లాంగ్ రైఫిల్, కిలో ట్రిగ్గర్ అన్నారు. వేలు పోసి కొన్న పిస్టళ్ళు ఒక్క కాగితంతో బీరువాల పాలయ్యాయి. మన విజయ్ కుమార్ 2012 లండన్‌లో రజతం కొట్టింది ఈ కొత్త నియమాల కిందే.

*

ఇక తుడుపుపని. తుపాకీ అనగానే తళతళ మెరవాలనుకుంటాం కదా. పోటీ ముందురోజు రాత్రి బారెల్ లోపల శుభ్రంగా తోమేస్తే మొదటి కొన్ని తూటాలు చెప్పిన చోటికి పోవు!

కారణం మైనం. .22 తూటా ముందుభాగం సీసం, బరువు సుమారు రెండున్నర గ్రాములు. దాని ఒంటికి మైనమో జిడ్డో పూసి ఉంటుంది, సీసం బారెల్‌కి అంటుకోకుండా. పేలే కొద్దీ ఆ మైనం గొట్టం లోపల పలచటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర కుదిరాక గాని తూటాలు ఒకేచోట గుంపుగా పడవు. కాబట్టి బారెల్‌ని అతిగా తోమరు. తోమినా ఇనుప కడ్డీ మూతివైపునుంచి తోయకుండా జాగ్రత్తపడతారు. మూతి అంచు ఒకపక్క అరిగిందంటే తూటా బయటికొచ్చే చివరి క్షణంలో తలతిప్పుతుంది. తాడుతోనో, ఉన్ని ముక్కలతోనో లాగేస్తారు.

రోజూ తోమాల్సింది బారెల్ వెనక గది. మసి, మైనం, సీసపు పొడి కలిసి అక్కడ నల్లటి మడ్డి అవుతుంది, మన వేసవికి ఇంకాస్త జిగురెక్కుతుంది. పేలిన తూటా ఖాళీ తొడుగుని పట్టి లాగే చిన్న గోరు ఒకటుంటుంది. దానికింద ఆవగింజంత మడ్డి చేరితే తొడుగు బయటికి రాక ఇరుక్కుంటుంది. పాత టూత్‌బ్రష్ చాలు. నూనె చుక్కే పెట్టాలి, ఎక్కువైతే మసిని రారమ్మని పిలిచి కూర్చోబెడుతుంది. ఎవరో పెద్దాయన కొబ్బరినూనె వాడొచ్చా అనడిగితే కోచ్ నవ్వాపుకోలేకపోయాడు. డిసెంబరులో గడ్డకట్టే నూనెతో పిస్టల్ ఆడితే అది ఆట కాదు, మొక్కు.

ఇంట్లో తెల్లగోడ ముందు ఉత్త ట్రిగ్గర్ నొక్కుతూ సాధన చేస్తారు. .22కి అందులో మెలిక ఉంది. దీన్ని అంటించే మందు తొడుగు మధ్యలో కాదు, అంచులో ఉంటుంది. కొట్టే సూది కూడా అంచుకే వస్తుంది. గది ఖాళీగా ఉంటే ఆ సూది సరాసరి ఉక్కుని కొడుతుంది, రెండూ చెడతాయి. అందుకని లోపల ప్లాస్టిక్ డమ్మీ పెట్టుకోవాలి, లేదా ఉత్త నొక్కుడుకని ప్రత్యేక ఏర్పాటున్న పిస్టలైనా ఉండాలి.

*

మొరాయిస్తే? పిస్టల్‌ని లక్ష్యం వైపే ఉంచి రెండో చెయ్యి ఎత్తాలి. అధికారి వచ్చి చూసి చెబుతాడు. తూటా పేలకపోతే, తొడుగు ఇరుక్కుంటే ఆ తప్పు యంత్రానిది, మళ్ళీ అవకాశం. సేఫ్టీ తీయడం మరిచినా, మ్యాగజైన్ నింపడం మరిచినా నీ ఖర్మ.

2021 టోక్యోలో మను భాకర్‌కి జరిగింది గుర్తుందా? అది గాలి పిస్టల్ అనుకోండి. 75 నిమిషాల్లో 60 తూటాలు కొట్టాల్సిన పోటీ మధ్యలో పిస్టల్ పాడై దాదాపు ఇరవై నిమిషాలు గాల్లో కలిసిపోయాయి. 575 కొట్టింది, రెండే రెండు పాయింట్లతో ఫైనల్ పోయింది. 2024 పారిస్‌లో అదే విభాగంలో కాంస్యం. మధ్యలో ఆ మూడేళ్ళు ఆ అమ్మాయిని మనం అన్న మాటలు తలుచుకుంటే మనకే సిగ్గు.

*

తెరమీద హీరో విలన్‌ని బెదిరించినప్పుడల్లా పిస్టల్ పైభాగాన్ని చక్‌చక్‌మని లాగుతాడు. నిజం పిస్టల్‌ని మూడుసార్లు అలా లాగితే రెండు మంచి తూటాలు నేలమీద పడతాయి. పద్మాలయా సంస్థ వాళ్ళు 1971లో మోసగాళ్ళకు మోసగాడు తీసిన నాటి నుంచి తెలుగు తెర తుపాకులకి తూటాలు అయిపోవడం అరుదు, ఈ రెండూ ఒక లెక్కా!

హీరోల చేతుల్లో ఎక్కువగా మెరిసేది 9 ఎం.ఎం. మనదేశంలో పౌరులకి ఆ పిస్టల్ నిషిద్ధం. పోటీ షూటర్లకి .22కీ లైసెన్స్ ఉండాల్సిందే. 4.5 మిల్లీమీటర్ల గాలి పిస్టల్‌కి, శక్తి 20 జౌళ్ళు దాటనంతవరకు, అక్కర్లేదు. పిల్లలు అందుకే దానితో మొదలుపెడతారు. ఫిల్మ్‌నగర్‌లో డమ్మీ తుపాకులు అద్దెకిచ్చే వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది: లైసెన్స్ లేకుండా నకిలీ తుపాకీని అసలుదిగా మార్చడం 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద నేరం. బారెల్ కోసి పొట్టి చేయడమూ అదే సెక్షన్.

రెండు షూటింగుల్లోనూ ఉన్న హీరో మాత్రం ఒకాయన ఉన్నాడు. అజిత్ కుమార్. పుట్టింది సికింద్రాబాద్‌లో, మన ప్రేమ పుస్తకం సినిమాలో హీరో. తమిళనాడు రాష్ట్ర పోటీల్లో పిస్టల్ పతకాలు నిజంగానే కొట్టాడు, డూపు లేకుండా.

*

చివరగా ఒక పెట్టె. పోటీకి ముందు పిస్టల్‌ని దానిలో పెట్టి చూస్తారు: పొడవు 300, ఎత్తు 150, మందం 50 మిల్లీమీటర్లు. సుమారుగా మిఠాయి డబ్బా అంత. బరువు 1400 గ్రాములు మించకూడదు. పిడికి ముద్దలు పెట్టీ పెట్టీ మందం పెరిగిపోయిన వాళ్ళు అక్కడే దొరికిపోతారు.

నేను బయల్దేరేటప్పటికి ఆ ఇంటరమ్మాయి పిడిని పిస్టల్‌కి బిగించి, బారెల్‌లో నారింజరంగు దారం దూర్చి (గది ఖాళీ అని దూరంనుంచే అందరికీ తెలియాలి), అలాంటి పెట్టెలోనే సర్ది చూస్తోంది. మూత పడలేదు. అరచేతి ఉబ్బు దగ్గర తట్టుకుంటోంది. "ఎంత ఎక్కువుందమ్మా?" అన్నాను. బొటనవేలి గోరుతో కొలిచి, "ఇంతే అంకుల్" అని, పిడి విప్పి, మళ్ళీ మెట్ల మీద కూర్చుంది.